మగ్గం పక్క ముచ్చట్లు: తూటా నోట్లో గుడ్డ

పోయిన నెల ఈ పేజీలో మోటారు బేరింగుల గురించి రాశాను. ఈ నెల కరెంటు మీటరు సంగతి చెప్తానని మాటిచ్చాను కూడా. దాన్ని వచ్చే నెలకు జరుపుతున్నాను, ఏమీ అనుకోవద్దు. మా గల్లీలో ఒక ముచ్చట జరిగింది, అది ముందు చెప్పాలి.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక చెల్లె ఉంటుంది. టవల్ కారఖానాలో అంచులు కుట్టే పని. పెనిమిటి పోయి ఆరేళ్లయింది. ఒక్కడే కొడుకు. పన్నెండో క్లాసు అయ్యాక రెండేళ్లు అక్కడా ఇక్కడా తిరిగి, ఈమధ్యే ఏటీఎంలలో పైసలు నింపే బండి మీద గార్డుగా కుదిరాడు. జీతం వస్తోందని ఆమెకు సంతోషం, బండిలో పైసలుంటాయని భయం. వారం రోజులుగా రాత్రి పదకొండు దాటినా వాళ్లింట్లో కుట్టుమిషన్ చప్పుడు వినపడుతుంటే ఒకనాడు పోయి చూశాను. మన సోలాపూరు చాదర్‌ను ఎనిమిది మడతలు పెట్టి, బనీను ఆకారంలో కత్తిరించి, గళ్లు గళ్లుగా కుడుతోంది.

“ఏం కుడుతున్నవ్ చెల్లె?”

“పిల్లగానికి, అన్నా. అంగీ లోపట ఏసుకుంటడు. తూటా తగిలినా లోపటికి పోదంట గద.”

“ఎవరు చెప్పిండ్రు?”

కొడుకు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. “నువ్వే చూడు మామా.”

చూశాను. అమెరికాలో ఎవరో బల్ల మీద ఇటుకంత పొడుగు జెల్లీ ముద్ద పెట్టి పిస్తోలుతో కాలుస్తున్నారు. మొదటిసారి ఉత్త జెల్లీ. తూటా లోపలికి పోయి పువ్వులా విచ్చుకుని ఆగింది. రెండోసారి జెల్లీ ముందు జీన్స్ గుడ్డ నాలుగు మడతలు వేలాడగట్టి కాల్చారు. ఈసారి తూటా విచ్చుకోలేదు, మొగ్గలాగే ఉండిపోయింది.

“చూసినవా మామా? నాలుగు మడతల గుడ్డకే దాని పని అయిపోయింది. మన చాదర్ ఎనిమిది మడతలంటే ఇంక ఆగదా?”

పిల్లవాడు సరిగ్గానే చూశాడు, అర్థం మాత్రం తిరగేసి చేసుకున్నాడు. విచ్చుకున్న తూటా ఎన్ని అంగుళాలు పోయింది, విచ్చుకోనిది ఎన్ని అంగుళాలు పోయింది, ఆ లెక్క చూడలేదు. విచ్చుకోనిదే ఎక్కువ లోతుకు పోయింది. గుడ్డ దాన్ని ఆపలేదు, ఇంకా లోపలికి పంపింది. తల్లి కుడుతున్నది ఆ బనీను. అందుకే కరెంటు మీటరు ఆగింది.

ఆ తూటాను హాలో పాయింట్ అంటారు. మామూలు తూటా ముక్కు నున్నగా, గుండ్రంగా ఉంటుంది. సీసపు ముద్ద, పైన రాగి తొడుగు. హాలో పాయింట్‌కు ముక్కు దగ్గర చిన్న గుంట ఉంటుంది. ఒళ్లు అంటే చాలామట్టుకు నీళ్లే కదా. తూటా వేగంగా ఒంట్లోకి దిగినప్పుడు తడి అంతా ఆ గుంటలోకి దూరి, లోపలి నుంచి అంచులను బయటికి తోస్తుంది. అంచులు రేకుల్లా వెనక్కి ముడుచుకుంటాయి. 9 మిల్లీమీటర్ల తూటా 14, 15 మిల్లీమీటర్ల వరకు వెడల్పవుతుంది. గాలికి ఎదురుగా గొడుగు ముడిచి నడిస్తే పోగలం, తెరిచి నడిస్తే గాలి నిలబెడుతుంది. అట్లాగే విచ్చుకున్న తూటా తొందరగా ఆగుతుంది, దారిలో చేసే గాయం వెడల్పుగా ఉంటుంది. విచ్చుకోకపోతే సన్నగా, లోతుగా, ఒక్కోసారి మనిషిని దాటి అవతలికి పోతుంది.

వెడల్పు పెరిగితే లోతు తగ్గుతుంది, లోతు పెరిగితే వెడల్పు తగ్గుతుంది. ఈ తూటాల పరీక్షలన్నీ ఈ రెంటి మధ్య తగువే. ఆ తగువు ఎంత ఖరీదైనదో 1986 ఏప్రిల్ 11న అమెరికాలో మయామీ నగరం శివారులో తెలిసింది. బ్యాంకులను, పైసలు మోసే బండ్లను దోచుకునే ఇద్దరి కోసం ఎఫ్‌బీఐ వాళ్లు ఎనిమిది మంది కారుల్లో వెంటపడ్డారు. (పైసల బండ్లు అన్న మాట ఆ చెల్లె ముందర పైకి చదవలేదు.) కాల్పులు మొదలైన కొద్దిసేపటికే జెర్రీ డవ్ అనే ఏజెంటు కాల్చిన 9 మిల్లీమీటర్ల హాలో పాయింట్ తూటా ఒక దొంగ కుడి చేతిలోంచి దూరి ఛాతీలోకి పోయింది. కంపెనీ చెప్పినట్టే చక్కగా విచ్చుకుంది. విచ్చుకున్నది కాబట్టే గుండెకు ఒక అంగుళం ఇవతల ఆగిపోయింది. ఆ దొంగ పడిపోలేదు. ఆ గాయంతోనే కాలుస్తూ పోయి డవ్‌నూ, బెంజమిన్ గ్రోగన్ అనే ఇంకో ఏజెంటునూ చంపాడు. ఇంకో అయిదుగురు గాయపడ్డారు. చివరికి దొంగలిద్దరూ చచ్చారు.

ఆ తూటా చెడిపోయిన తూటా కాదు. ఏ పనికి తయారు చేశారో ఆ పనే చేసింది. తప్పు పరీక్షలో ఉంది. అప్పటిదాకా ఎంత వెడల్పుగా విచ్చుకుంది, జెల్లీలో ఎంత పెద్ద కుదుపు పుట్టించింది అని చూసేవాళ్లు. మధ్యలో ఒక చెయ్యి అడ్డం వస్తే గుండె దాకా లోతు చాలుతుందా అని ఎవరూ గట్టిగా అడగలేదు. మా షిఫ్టులో ఒక జాబరు ఉండేవాడు, మగ్గం ఎంత జోరుగా ఆడుతుందో చూపించి మెప్పు కొట్టేవాడు. తాను విప్పి చూస్తే గజానికో పోగు తెగి ఉండేది. ఆ కథే ఇది.

మయామీ తర్వాత ఎఫ్‌బీఐ వాళ్లు 1987లో డాక్టర్లను, తూటాల నిపుణులను పిలిచి కూర్చోబెట్టారు. వాళ్లలో మార్టిన్ ఫాక్లర్ అనే ఆయన మాట నాకు నచ్చింది. ఆయన వియత్నాం యుద్ధంలో గాయాలు కోసి బాగుచేసిన సైన్యం సర్జన్. సినిమా మాటలు ఆయన దగ్గర నడవవు. తూటా ఎంత లోతుకు పోయింది, దారిలో ఏమి తెంపింది, ఈ రెండే లెక్క అంటాడు. ఆ కూర్చోవడంలోంచి వచ్చిన కొలత ఇది: తూటా జెల్లీలో కనీసం 12 అంగుళాలు పోవాలి, 18 దాటకూడదు. మనిషి ఛాతీ అంత మందం ఉండదు కదా అంటారేమో. చెయ్యి అడ్డం ఉండొచ్చు, మనిషి పక్కకు తిరిగి ఉండొచ్చు, లావుగా ఉండొచ్చు. అందుకని 12. వెనక ఇంకో మనిషి ఉంటాడు, అందుకని 18.

ఇక ఆ జెల్లీ ముచ్చట. అది మిఠాయి జెల్లీ కాదు. పంది తోలు నుంచి తీసే జెలటిన్ పొడి ఒక కిలోకు తొమ్మిది కిలోల నీళ్లు కలిపి, పోత పోసి, 4 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. వేడి ఎక్కువైనా, పొడి తక్కువైనా మెత్తబడి తూటా ఎక్కువ దూరం పోతుంది, అప్పుడు కొలత అబద్ధం. అందుకని ప్రతి ముద్దలోకీ ముందు ఒక చిన్న ఉక్కు గుండును, పిల్లల ఎయిర్‌గన్ గుండంత దాన్ని, సెకనుకు 590 అడుగుల వేగంతో కొడతారు. అది ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దగ్గర ఆగాలి. సెంటీమీటరు అటూ ఇటూ అయితే సరే, అంతకన్నా తేడా వస్తే ఆ ముద్ద పనికిరాదు. నూలు కౌంటు చూసేముందు తక్కెడ సరిగ్గా ఉందా అని చూసుకుంటాం చూడండి, అదీ.

ఈ జెలటిన్ రాకముందు ఏం చేసేవాళ్లో తెలుసా? 1904లో అమెరికా సైన్యం వాళ్లు థాంప్సన్, లగార్డ్ అనే ఇద్దరు అధికారులను పెట్టి షికాగో కబేళాల్లో బతికున్న పశువులను కాల్పించి చూశారు. మనుషుల శవాలను వేలాడదీసి కాల్చి, ఎంత ఊగుతాయో చూశారు. దాని మీద ఇంతకన్నా రాయబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు మన వృత్తికి తగిలే ముచ్చట. ఎఫ్‌బీఐ వాళ్లు ఉత్త జెల్లీని కాల్చి ఊరుకోలేదు. బట్టలు వేసుకోని మనిషిని ఎవరు కాలుస్తారు? చలిదేశంలో మనిషి మూడు నాలుగు పొరలు వేసుకుని తిరుగుతాడు. అందుకని జెల్లీ ముందు బట్ట పెట్టి పది అడుగుల దూరం నుంచి కాల్చే పరీక్ష పెట్టుకున్నారు. ఏ బట్ట పెట్టాలో రాసిన కాగితం చూస్తే మన మాస్టరు రాసినట్టే ఉంటుంది. లోపల టీషర్టు గుడ్డ, అంగుళానికి 48 పోగులు. దాని మీద చొక్కా గుడ్డ, 80 పోగులు. దాని మీద పక్షి ఈకలు నింపిన దుప్పటి, పైగుడ్డ కేంబ్రిక్, 232 పోగులు. అంత దట్టంగా నేస్తే తప్ప ఈకలు బయటికి రాకుండా ఉండవు. అన్నిటి మీద 13 ఔన్సుల డెనిమ్, 50 పోగులు. తూటాల పరీక్షలో పోగులు లెక్కబెట్టారంటే నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచిస్తే గౌరవం కలిగింది. గుడ్డ మారితే ఫలితం మారుతుందని వాళ్లకు తెలుసు. ఏదో ఒక గుడ్డ అని రాసి వదిలేయలేదు.

బట్ట తగిలినప్పుడు ఏమవుతుందంటే, తూటా నోరు గుండ్రటి కత్తిలా గుడ్డలోంచి బిళ్ల కోసుకుని గుంటలో కుక్కుకుంటుంది. పీచు గుంట నిండా పడుతుంది. ఇంక లోపలికి తడి దూరడానికి చోటు లేదు, అంచులను తోసేది ఏమీ లేదు. హాలో పాయింట్ కాస్తా మామూలు గుండు ముక్కు తూటా అయిపోతుంది. నోట్లో గుడ్డ కుక్కితే మనిషి అరవలేడు, తూటా విచ్చుకోలేదు. అరవలేకపోయినంత మాత్రాన నడవలేడని కాదు కదా.

ఇదంతా పిల్లవాడికి కాగితం మీద గీసి చూపించాను. “అయితే చాదర్ ఏసుకుంటే తూటా ఇంకా లోతుకు పోతదా మామా?” అన్నాడు. హాలో పాయింట్ అయితే పోవచ్చు. మామూలు తూటా అయితే చాదర్ ఉన్నా లేనట్టే. ఎనిమిది మడతలు కాదు, పదహారు మడతల నూలు చాదరైనా పిస్తోలు తూటాకు అడ్డం కాదు. చెల్లె అప్పుడే మిషన్ కాలు ఆపింది.

1990లలో కాలిఫోర్నియాలో కొందరు ఇంకా కఠినంగా, డెనిమ్ నాలుగు మడతలు పెట్టి కాల్చడం మొదలుపెట్టారు. పిల్లవాడు ఫోన్‌లో చూసింది దాన్నే. ఎవరూ నాలుగు జీన్స్ ప్యాంట్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని తిరగరు. అది మనిషి వేషం కాదు, తూటాకు పెట్టిన గడ్డు పరీక్ష. దాంతో కంపెనీలు తొడుగుకు ముందే చీలికలు పెట్టడం, సీసాన్ని తొడుగుకు అతికించడం, కొన్నయితే గుడ్డ దూరకుండా గుంటలో మెత్తని ప్లగ్గు పెట్టడం చేశాయి. గుడ్డ మెప్పు కోసం పెట్టిన పరీక్ష కాదది. గుడ్డను దాటడం నేర్పడానికి పెట్టిన పరీక్ష.

ఎఫ్‌బీఐ పరీక్షలో గుడ్డ తర్వాత గోడలు వస్తాయి. రెండు ఇనుప రేకులు, రెండు జిప్సం పలకలు, ముప్పావు అంగుళం ప్లైవుడ్, ఏటవాలుగా పెట్టిన కారు అద్దం. ఇక్కడ నాకు మా గల్లీ గుర్తొచ్చింది. ఒకరింటికీ ఒకరింటికీ మధ్య పత్రా, ప్లైవుడ్ ముక్క. జిప్సం పలకలోంచి దూరిన హాలో పాయింట్ నోరు పొడితో నిండిపోయి గుడ్డ తగిలినట్టే మూసుకుపోతుంది, ఆ తర్వాత జెల్లీలో ఎక్కువ లోతుకు పోతుంది. గురి తప్పిన తూటాకు పక్కింటి గోడ గోడే కాదు. న్యూయార్క్ పోలీసులు 1998లో మామూలు తూటాలు మాని హాలో పాయింట్‌కు మారడానికి చెప్పిన కారణం కూడా ఇదే. మామూలు తూటా మనిషిని దాటిపోయి వెనక నిలబడ్డవాళ్లకు, ఒక్కోసారి తోటి పోలీసులకే తగులుతోందని.

వినడానికి బాగుంది. కానీ ఇదే రకం తూటాను యుద్ధంలో వాడొద్దని దేశాలు ఎప్పుడో రాసుకున్నాయి. ఆ కథ మన దేశంలో మొదలైంది. కలకత్తా పక్కన డమ్ డమ్ అని ఊరుంది. శ్రీకాకుళం, గంజాం నుంచి టిటాగఢ్ జ్యూట్ మిల్లులకు పోయిన మనవాళ్లు సియాల్దా నుంచి రైలెక్కితే దాటే స్టేషనే. అక్కడి తెల్లవాళ్ల ఆయుధ కారఖానాలో 1890లలో బెర్టీ క్లే అనే కెప్టెన్ తూటా ముక్కు దగ్గర తొడుగు తీసేసి సీసం బయటికి కనపడేట్టు చేయించాడు. వాయవ్య సరిహద్దు కొండల్లో పఠాన్లకు కొత్త తూటాలు తగిలినా ఆగకుండా మీదికొస్తున్నారని సిపాయిలు చెప్పారట. డమ్ డమ్ తూటా అన్న పేరు ప్రపంచమంతా పాకింది. 1899లో హేగ్ సభలో, ఒంట్లో సులువుగా విచ్చుకునే, చదునయ్యే తూటాలు యుద్ధంలో వాడరాదని ఒప్పందం రాశారు. ఇంగ్లండు అప్పుడు ఒప్పుకోలేదు. నాగరికుల మీద కాదు, అనాగరికుల మీద కావాలి అని వాళ్ల ప్రతినిధి వాదించాడు. అనాగరికులంటే ఎవరో చెప్పక్కర్లేదు. 1907లో గానీ సంతకం పెట్టలేదు.

ఆ సభలో పరీక్షల తగువు కూడా నడిచింది. జర్మనీలో బ్రున్స్ అనే సర్జన్ విచ్చుకునే తూటాలు పరీక్షించి భయంకరమైన గాయాలు చూపించాడు. ఆయన వాడింది మా డమ్ డమ్ తూటా కాదు, సీసం ఇంకా ఎక్కువ బయటపెట్టిన వేట తూటా అని ఇంగ్లండు వాళ్లు లబోదిబోమన్నారు. ఆ ఒక్క మాటలో వాళ్లది నిజమే. వేరే తాను నమూనా పంపి ఈ తాను మీద ముద్ర వేయడం లాంటిది. అయినా నాకు వాళ్ల మీద జాలి కలగలేదు. 1930 మేలో మన సోలాపూరులో మార్షల్ లా పెట్టి, మరుసటి ఏడు జనవరి 12న నలుగురిని ఉరితీసింది ఆ సర్కారే. చార్ హుతాత్మా చౌక్ మీదుగా పోయినప్పుడల్లా గుర్తొచ్చే సంగతే.

హేగ్ ఒప్పందం యుద్ధానికి. పోలీసులకు అది వర్తించదు. అందుకని సిపాయికి వద్దన్న తూటా ఊళ్లో పోలీసు నడుముకు ఉంటుంది, వెనకాల మనిషి బతకాలనే కారణంతో. ఇది సబబా కాదా అని మా టీ కొట్టు దగ్గర గంటసేపు వాదన నడిచింది, తేలలేదు. నా మట్టుకు నాకు, జనం మధ్యలో కాల్చకుండా ఉండే మార్గం వెతకడం ముందు, ఏ తూటా అన్నది తర్వాత.

సినిమాల గురించి ఒక్క మాట. హీరో కాలిస్తే విలన్ గాల్లో లేచి గోడకు కొట్టుకుంటాడు కదా. లెక్క వేయండి. 8 గ్రాముల తూటా సెకనుకు 350 మీటర్ల వేగంతో తగిలి 70 కిలోల మనిషిలో ఆగిపోయిందనుకుందాం. ఆ మనిషి వెనక్కి కదిలే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లు. బస్సులో పక్కవాడి మోచెయ్యి అంతకన్నా గట్టిగా తోస్తుంది. తూటా అంత బలంగా తోసేదైతే కాల్చినవాడు కూడా వెనక్కి ఎగిరి పడాలి.

మరి గుడ్డ తూటాను ఆపనే ఆపదా? ఆపుతుంది, అదీ నేత గుడ్డే. 1965లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే ఆమె ఒక కొత్త దారం కనిపెట్టింది, కెవ్లార్ అంటారు. అంతే బరువు ఉక్కుతో పోలిస్తే అయిదింతల గట్టి. నూలు పోగు తూటా ముందు టప్పున తెగుతుంది. ఈ పోగు తెగకుండా సాగి, పడుగూ పేకా కలిసి దెబ్బను పక్కకు పంచుతాయి. అటువంటి పొరలు పదుల సంఖ్యలో పెడితే తూటా వాటిలో చిక్కుకుని, చదునై ఆగుతుంది. అది కూడా పిస్తోలు తూటాలకే. రైఫిల్ తూటాకైతే గట్టి పలకలు కావాలి. ఆ జాకెట్లకూ పరీక్ష ఉంది. వెనక బంకమన్ను లాంటి ముద్ద పెట్టి కాలుస్తారు. తూటా ఆగితే చాలదు, మన్నులో పడ్డ గుంట 44 మిల్లీమీటర్లు మించకూడదని అమెరికా వాళ్ల నియమం. ఆగిన తూటా కూడా పక్కటెముకలు విరగ్గొట్టగలదు మరి.

మన దేశంలో ఈ జాకెట్లకు 2018లో బీఐఎస్ వాళ్లు నియమం పెట్టారు, దాని నంబరు ఐఎస్ 17051. గార్డు పనికి పోయే పిల్లలు ఇంట్లో ఉంటే ఇది రాసిపెట్టుకోండి. కంపెనీ జాకెట్ ఇస్తే లోపలి పట్టీ చూడమనండి: ఈ నంబరు ఉందా, ఏ రకం తూటాకు అని రాశారా, ఎప్పుడు తయారైంది. మామూలుగా అయిదేళ్లకు మించి నమ్మకూడదు. ఎండలో ఆరేయొద్దు, బట్టల మిషన్లో వేయొద్దు, తడి పట్టనివ్వొద్దు. పైతొడుగు విప్పి దాన్ని మాత్రమే ఉతకాలి.

మా పిల్లవాడి కంపెనీలో జాకెట్లు లేవు. నేనూ వాడూ కూర్చుని అర్జీ రాశాం, వాడితో పనిచేసే ఆరుగురు సంతకాలు పెట్టారు. ఆ ఆరుగురిలో ఇద్దరు ముందు వెనకాడారు, పని పోతుందేమోనని. ఇచ్చి ఇరవై రోజులైంది. “చూద్దాం” అన్నారట.

చెల్లెతో చెప్పడమే కష్టమైంది. అంతా విని, “అయితే ఇన్ని రాత్రులు ఉత్తగనే కుట్టిన్నా అన్నా?” అంది. ఏం జవాబు చెప్పాలో తోచలేదు. మిగిలిన కుట్టు మాత్రం మర్నాడు పూర్తి చేసింది. తెల్లవారి నాలుగున్నరకు బండి మీద డ్యూటీకి పోతుంటే చలి కొడుతోందని పిల్లవాడు ఇప్పుడు అదే వేసుకుని పోతున్నాడు.

కరెంటు మీటరు వచ్చే నెల.